ఫౌల్‌హోర్న్ శిఖరానికి నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

స్విట్జర్లాండ్ వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది ఇంటర్‌లాకెన్ నుంచి గ్రిండెల్‌వాల్డ్ వెళ్ళి, అక్కడ గొండోలా (రోప్‌వే పెట్టె) ఎక్కి, పై స్టేషన్ ఫిర్‌స్ట్‌లో ఫోటోలు దిగి వెనక్కొచ్చేస్తారు. అదే చోటు నుంచి ఇంకో రెండున్నర గంటలు నడిస్తే 2,681 మీటర్ల ఫౌల్‌హోర్న్ శిఖరం. తాళ్ళు అక్కర్లేదు, గైడు అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. గొండోలా మూడింట రెండు వంతుల ఎత్తును పాతిక నిమిషాల్లో ఎక్కించేస్తుంది. దాంతో మనం ఎక్కింది కొండన్న సంగతే మరిచిపోతాం. అక్కడ జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ మరుపులోంచి పుట్టేవే.

ఫౌల్‌హోర్న్ నుంచి ఏం కనిపిస్తుంది? అంత దూరం నడవడం దేనికి?

దక్షిణాన ఐగర్ (3,967 మీటర్లు), మోంక్, యుంగ్‌ఫ్రావ్ (4,158 మీటర్లు), ష్రెక్‌హోర్న్, వెట్టర్‌హోర్న్ వరసగా నిలబడి ఉంటాయి. ఉత్తరాన తిరిగి చూస్తే బ్రియెంజ్, థూన్ సరస్సులు పాదాల కింద ఉన్నట్టుంటాయి. యుంగ్‌ఫ్రావ్‌యోహ్‌కి రైల్లో వెళితే మంచుకొండల మధ్యలో ఉంటాం. ఇక్కడ వాటికి ఎదురుగా నిలబడతాం. చూడటానికి ఇదే మంచి చోటు.

శిఖరానికి కాస్త కింద 1830ల నాటి హోటలు ఉంది. ఆల్ప్స్‌లో అతి పాత కొండ హోటళ్ళలో ఇదొకటి. ఇంటర్ కెమిస్ట్రీలో బ్రావే లాటిస్‌లు 14 అని బట్టీ పట్టాం కదా, ఆ ఓగుస్ట్ బ్రావే 1840ల్లో తోటి శాస్త్రవేత్త షార్ల్ మార్టిన్స్‌తో కలిసి ఈ శిఖరం మీదే మకాం పెట్టి వాతావరణ కొలతలు తీశాడు.

ఇంటర్‌లాకెన్ నుంచి ఎలా చేరాలి?

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్లో గ్రిండెల్‌వాల్డ్ రైలెక్కాలి. సుమారు 35 నిమిషాల ప్రయాణం. ఈ రైలు ట్స్వైలూచినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కీ, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కీ వెళతాయి. ప్లాట్‌ఫాం బోర్డు, పెట్టె మీది తెర రెండూ చూసి ఎక్కండి. ఖాళీగా ఉందని ఏదో ఒక పెట్టెలో కూర్చున్నవాళ్ళు వేరే లోయలో తేలి గంటసేపు పోగొట్టుకుంటారు. గ్రిండెల్‌వాల్డ్ స్టేషన్లో దిగాక ప్రధాన వీధి వెంట పది నిమిషాలు నడిస్తే ఫిర్‌స్ట్ గొండోలా వస్తుంది. ఊరి ఎత్తు 1,034 మీటర్లు, పైన ఫిర్‌స్ట్ 2,166. దాన్ని ఇంగ్లీషులో 'మొదటి' అనే మాటలా రాస్తారు గానీ 'ఫిర్‌స్ట్' అనే పలుకుతారు. పర్వతపు దూలం లాంటి మిట్ట అని అర్థం.

స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే గ్రిండెల్‌వాల్డ్ దాకా రైలుకు వేరే టికెట్ అక్కర్లేదు. గొండోలాకు మాత్రం తగ్గింపు ధరకు టికెట్ కొనాలి.

ఏ దారి మంచిది?

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఫిర్‌స్ట్ నుంచి బాఖల్ప్ సరస్సు మీదుగా వెళ్ళి అదే దారిన రావడం మేలు. సరస్సు దాకా 3 కిలోమీటర్లు, ఎత్తు పెరిగేది 100 మీటర్లే. కంకర పరిచిన వెడల్పాటి దారి. సరస్సు (2,265 మీటర్లు) దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. రెండున్నర కిలోమీటర్ల లోపే 400 మీటర్లు పైకి. సరస్సు దగ్గర ఉండే జనంలో చాలామంది అక్కడే ఆగిపోతారు, పైదారిలో జనం పలచబడతారు.

రెండోది షీనిగె ప్లాటె నుంచి ఫౌల్‌హోర్న్ మీదుగా ఫిర్‌స్ట్‌కి. ఈ ప్రాంతంలో దీనికి మించిన ఒక్కరోజు నడక లేదనిపిస్తుంది. ఇంటర్‌లాకెన్ పక్కనున్న విల్డర్స్‌విల్ నుంచి 1893 నాటి పళ్ళచక్రాల రైలు 50 నిమిషాలకు పైగా తీసుకుని 1,967 మీటర్ల ఎత్తునున్న షీనిగె ప్లాటెకు చేరుస్తుంది. అక్కడి నుంచి 16 కిలోమీటర్లు, విశ్రాంతి కాకుండా ఆరు గంటలు. దారి మధ్యలో మెండ్‌లెనెన్ గుడిసె దగ్గర తినడానికి దొరుకుతుంది. మొదటి రైలుకే బయల్దేరండి. రెండో రైలుకు వెళ్ళినా పర్లేదనుకుంటే మధ్యాహ్నపు ఉరుములు శిఖరం మీద పట్టుకుంటాయి, సాయంత్రం గొండోలా కోసం పరిగెత్తాల్సొస్తుంది.

మూడోది బుస్సాల్ప్ (సుమారు 1,800 మీటర్లు) దాకా బస్సులో వెళ్ళి ఎక్కడం. దాదాపు 880 మీటర్ల ఎక్కుడు, మూడు గంటల లోపు. జనం తక్కువ, పచ్చిక ఎక్కువ. ఇటు నుంచి ఎక్కి ఫిర్‌స్ట్ వైపు దిగితే ఒకే దారి రెండుసార్లు చూడక్కర్లేదు.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళం. ఇది ఎక్కగలమా?

కాళ్ళ బలం సంగతి అడిగితే, ఎక్కగలరు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరేటప్పుడు మీరు ఎక్కే నిట్టనిలువు ఎత్తు ఫిర్‌స్ట్ నుంచి ఫౌల్‌హోర్న్‌కి ఎక్కే 515 మీటర్ల కంటే తక్కువేమీ కాదు. తేడాలు మూడు. అలిపిరి దారిలో చాలా మేర కప్పు ఉంటుంది. ఇక్కడ చెట్టు నీడ కూడా లేదు, ఎండైనా వానైనా నెత్తి మీదే. మెట్టుకు అంచు సమంగా ఉంటుంది. ఇక్కడ ప్రతి అడుగూ చూసుకుని వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఏమిటంటే, తిరుమలలో పైకి చేరితే పని అయిపోయినట్టే, కిందికి బస్సుంటుంది. ఇక్కడ పైకి చేరితే సగమే అయింది. మోకాళ్ళకు పరీక్ష దిగేటప్పుడే.

దారి చూపే పసుపు బోర్డు మీద రాసిన నడక సమయం నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ అది ఆగకుండా నడిచే సమయం. ఫోటోలు, టిఫిను, ఊపిరి తీసుకోవడం అందులో లెక్క ఉండవు. మీకు మీరే సరిచూసుకునే లెక్క ఒకటుంది. గంటకు 4 కిలోమీటర్లు అడ్డంగా, 300 మీటర్లు పైకి, 500 మీటర్లు కిందికి. దూరానికి పట్టే సమయం, ఎత్తుకు పట్టే సమయం వేరువేరుగా కట్టి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి.

ఫిర్‌స్ట్ నుంచి ఫౌల్‌హోర్న్ సుమారు 5.3 కిలోమీటర్లు: గంటా 20 నిమిషాలు. 515 మీటర్ల ఎత్తు: గంటా 43 నిమిషాలు. పెద్దది గంటా 43, దానికి 40 నిమిషాలు కలిపితే రెండు గంటల 23 నిమిషాలు. దిగడానికి ఇదే పద్ధతిలో గంటా 50 నిమిషాలు వస్తుంది. కొత్తవాళ్ళు దీని మీద మూడో వంతు అదనంగా వేసుకోవాలి. పైన ఒక గంట కలుపుకుంటే మొత్తం ఆరున్నర గంటల పని. అంటే పదకొండింటికి ఫిర్‌స్ట్‌లో దిగి శిఖరానికి బయల్దేరడం అప్పటికే ఆలస్యం. ఆ రోజుకు సరస్సు చాలు.

రాళ్ళ మీద రంగు గీతలకు అర్థం ఏమిటి?

పసుపు గుర్తు అంటే మామూలు నడకదారి. తెలుపు-ఎరుపు-తెలుపు అంటే కొండదారి. అడుగు స్థిరంగా పడాలి, ఎత్తుకు కళ్ళు తిరగకూడదు, బూట్లు గట్టివి కావాలి. ఫౌల్‌హోర్న్ దారి ఈ రకమే. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే అది పర్వతారోహకుల దారి, వెనక్కి తిరగండి. నడుస్తూ పావుగంట దాకా ఏ గుర్తూ కనిపించకపోతే మీరు ఆవుల బాటలో పడ్డారన్నమాట. చివరి గుర్తు దాకా వెనక్కి వెళ్ళాలి తప్ప అడ్డంగా కోసుకుని పోకూడదు.

ఏ నెలలో వెళ్ళాలి?

జూలై మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా. మన వేసవి సెలవులు, అంటే ఏప్రిల్, మే నెలలు దీనికి పనికిరావు. అప్పటికి సరస్సు గడ్డకట్టే ఉంటుంది, దారి మంచు కిందుంటుంది. జూన్‌లో, ఒక్కోసారి జూలై మొదట్లో కూడా, ఉత్తరపు వాలుల్లో పాత మంచు దారికి అడ్డంగా పడి ఉంటుంది. పొద్దున అది గాజులా గట్టిగా జారుతుంది, మధ్యాహ్నం మోకాలి దాకా కూరుకుపోతుంది. పదడుగుల పట్టీయే కదా అని వాలు మంచు మీద మామూలు బూట్లతో అడుగు వెయ్యొద్దు.

సెప్టెంబరులో గాలి తేటగా ఉంటుంది, ఉరుములు తగ్గుతాయి. ఒక్కటే వారం ఎంచుకోవాల్సి వస్తే సెప్టెంబరు మొదటి సగంలో ఎంచుకోండి.

ఏం వేసుకోవాలి? జీన్సు, స్పోర్ట్స్ బూట్లు చాలవా?

ఎండ రోజున సరస్సు దాకా చాలు. శిఖరానికి చాలవు. 'ఫౌల్' అంటే జర్మన్‌లో కుళ్ళిన అని అర్థం. ఈ కొండ నల్లటి పలకరాయి పొడిపొడిగా రాలుతుంది గనక ఆ పేరు. పొడిగా ఉన్నప్పుడు గులకల్లా దొర్లుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. అడుగున లోతైన గాళ్ళున్న, చీలమండను పట్టి ఉంచే బూట్లు కావాలి. కొత్త బూట్లయితే ఇంటి దగ్గరే రెండు వారాలు తొడుక్కుని తిరగండి. చేతికర్రల జత ఉంటే దిగేటప్పుడు మోకాళ్ళ భారం తగ్గుతుంది.

ఎత్తు 100 మీటర్లు పెరిగితే వేడి సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. గ్రిండెల్‌వాల్డ్‌లో 20 డిగ్రీలుంటే శిఖరం మీద సుమారు 9, గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. జీన్సు, నూలు బనియన్లు చెమటనూ వాననూ పీల్చి ఒంటికి అంటుకుంటాయి. ఆ తడి వేడినంతా లాగేస్తుంది. ఆగస్టులో కూడా మనుషులు చలికి వణికి కూలబడేది ఇందువల్లే. త్వరగా ఆరే బనియను, దాని మీద ఫ్లీస్, అన్నిటి మీద గాలీ వానా దూరని జాకెట్ వేసుకోండి. టోపీ, పలచటి చేతి తొడుగులు సంచిలో ఉండాలి. గొడుగు హోటల్లోనే వదిలెయ్యండి, ఆ గాలికి నిలవదు. చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు, ఆ ఎత్తులో ఎండ చర్మాన్ని బాగా కాలుస్తుంది.

ఉరుములు మొదలైతే?

వేసవిలో మధ్యాహ్నం రెండు తర్వాత మబ్బులు కూడటం మామూలే. పొద్దున పది, పదకొండుకే తెల్లటి మబ్బు కాలీఫ్లవర్‌లా నిలువుగా పెరుగుతోందంటే శిఖరం ఆశ వదులుకోండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. మెరిసిన 30 సెకన్ల లోపు ఉరుము వినిపించిందంటే ప్రమాదం దగ్గరకొచ్చినట్టే.

శిఖరం, గట్టు అంచు వదిలి వెంటనే కిందికి దిగాలి. సరస్సు ఒడ్డు, ఇనప తీగల కంచె, ఒంటరి బండరాయి దగ్గర నిలబడకూడదు. దిగే వీల్లేకపోతే పల్లంలో సంచి మీద గొంతుకూర్చోండి, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి. నేలలోంచి పాకే కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగకుండా ఉండాలనే ఈ జాగ్రత్త. గుంపుగా ఉంటే ఒకరికొకరు ఎడంగా ఉండండి. చేతికర్రలు దూరంగా పెట్టండి.

దక్షిణం నుంచి వీచే ఫ్యోన్ గాలి సంగతి వేరు. ఆ రోజు ఆకాశం అద్దంలా ఉంటుంది, కొండలు చేతికందేలా కనిపిస్తాయి. కానీ గాలి పెరిగితే గొండోలా ఆపేస్తారు. పొద్దున్నే స్విస్ వాతావరణ శాఖ మీటియోస్విస్ యాప్, గొండోలా వెబ్‌సైటు రెండూ చూడాలి.

ఆవుల మధ్యలోంచి నడవాలా?

నడవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సుమారు నూరు రోజులు ఆ పచ్చిక వాటిది. మన ఊళ్ళో ఆవు ఎదురైతే తాకి కళ్ళకద్దుకునే అలవాటుంది. ఇక్కడ చెయ్యి చాపొద్దు. ముఖ్యంగా దూడను వెంటేసుకున్న తల్లి ఆవుల మందలో. పాలావులకు మనుషుల చెయ్యి రోజూ తగులుతుంది. దూడలతో వదిలేసిన మందలకు ఆ అలవాటు తక్కువ, దూడకూ తల్లికీ మధ్య ఎవరు వచ్చినా పొడుస్తాయి. తల వంచి, బుస కొట్టి, కాలితో నేల గీరిందంటే హెచ్చరిక. దాని వైపు వీపు తిప్పకుండా, పరిగెత్తకుండా మెల్లగా పక్కకు తప్పుకోవాలి. కనీసం 20 మీటర్ల ఎడం ఉంచండి, దారి వదిలి చుట్టూ తిరగాల్సొచ్చినా సరే. సెల్ఫీకి ముందుకెళ్ళొద్దు.

గేటు తీస్తే మళ్ళీ వెయ్యాలి. దారికి అడ్డంగా తీగ ఉంటే ప్లాస్టిక్ పిడి పట్టుకుని కొక్కెం తీసి, దాటాక తిరిగి తగిలించండి. పిడి కాకుండా తీగ పట్టుకుంటే షాక్ తగులుతుంది.

'ఆల్ప్' అంటే కొండ కాదంటారు, నిజమేనా?

నిజమే. అక్కడి రైతు నోట ఆల్ప్ అంటే వేసవి మేత బీడు. బాఖల్ప్, బుస్సాల్ప్ పేర్ల చివర ఉన్నది ఆ ఆల్పే. చలికాలంలో పశువులు లోయలో కొట్టాల్లో ఉంటాయి. వసంతంలో నడిమెట్టు పచ్చికకు, జూన్‌లో పై ఆల్ప్‌కు ఎక్కుతాయి. అవి పైనున్నప్పుడు లోయలో గడ్డి కోసి ఎండబెట్టి చలికాలానికి దాస్తారు. ఊరి పక్క పొలంలో ఏపుగా ఎదిగిన గడ్డిని చూసి దుప్పటి పరుచుకునేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇదే. అది పార్కు కాదు, కోతకొచ్చిన పంట. మన వరిచేలో ఎవరైనా పొర్లితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. తొక్కిన గడ్డి కోతకు లొంగదు.

గ్రిండెల్‌వాల్డ్‌లో ఈ బీళ్ళు ఏడు పశుపోషక సంఘాల చేతిలో ఉన్నాయి. ఆల్ప్ హక్కు లోయలోని భూమితో ముడిపడి ఉంటుంది. లోయలో తన గడ్డితో చలికాలమంతా మేపగలిగినన్ని పశువులనే రైతు పైకి తోలాలన్నది పాత కట్టుబాటు. ఇలాంటి ఆల్ప్ నియమాలు ఇక్కడ 1404 నాటికే రాతలో ఉన్నాయి. ఆ లెక్కే లేకపోతే డబ్బున్నవాడు బయటి నుంచి పశువుల్ని కొని తెచ్చి బీడంతా మేపేసేవాడు. దారి అంచుల్లో గడ్డి ఇంకా నిలిచి ఉండటం వెనక ఈ లెక్క ఉంది. ఆ గడ్డిని తొక్కుతూ మలుపుల దగ్గర అడ్డంగా కోసి దిగితే మట్టి కోసుకుపోయి, రెండు వానలకే అక్కడ వాగు పడుతుంది.

పూలు కోయొచ్చా?

వద్దు. ఎడెల్‌వైస్ సహా చాలా వాటిని చట్టమే కాపాడుతుంది.

శాకాహారులకు ఏం దొరుకుతుంది?

బంగాళాదుంప తురిమి వేయించే రోష్టి. మాకరోనీ, బంగాళాదుంప, చీజ్, ఉల్లిపాయ కలిపి ఆపిల్ గుజ్జుతో పెట్టే ఎల్ప్లర్‌మక్రోనెన్. రెండింట్లోనూ పంది మాంసపు ముక్కలు పడే అవకాశం ఉంది. 'ఓనె ష్పెక్' అంటే ఆ ముక్కలు లేకుండా, 'ఓనె ఫ్లైష్' అంటే మాంసం లేకుండా. బార్లీ సూప్ చూడటానికి శాకాహారంలా ఉన్నా మాంసంతో కాచడం ఎక్కువ, అడిగి తినండి.

ఆల్ప్ చీజ్ గురించి ఒక మాట. ఇది మన జున్ను కాదు. పది లీటర్ల పాలకు దాదాపు కిలో చీజ్ వస్తుంది. ఆ పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన 'లాబ్' వాడటం ఇక్కడి ఆనవాయితీ. నిష్ఠగా శాకాహారం పాటించేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. తినేవాళ్ళు మాత్రం ఏడాదిన్నర పైగా ముగ్గబెట్టి, పలచగా గీరి వడ్డించే హోబెల్‌కేజ్ వదులుకోవద్దు. గుడిసెల దగ్గర కార్డు పనిచెయ్యకపోవచ్చు, చిన్న ఫ్రాంకు నోట్లు దగ్గరుంచుకోండి. అన్నం లేందే నడవలేనివాళ్ళు పులిహోర కట్టుకెళ్ళొచ్చు, దద్దోజనం కంటే అదే ఆగుతుంది. డబ్బా మాత్రం మళ్ళీ కిందికి తెచ్చుకోవాలి.

నీళ్ళు ఎన్ని?

మనిషికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఊళ్ళోనే నింపుకోవాలి. సరస్సు దాటాక నమ్ముకోదగ్గ కుళాయి లేదు, శిఖరం మీద నీళ్ళు కరువు. తొట్టి మీద 'కైన్ ట్రింక్‌వాసర్' అని ఉంటే తాగే నీళ్ళు కావు. వాగు ఎంత తేటగా ఉన్నా పైన ఆవులున్నాయని గుర్తుంచుకోండి. మరుగుదొడ్డి పని ఫిర్‌స్ట్‌లోనే ముగించుకోవడం మంచిది.

ఎత్తుకు తలనొప్పి వస్తుందా?

2,681 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 72 శాతం. ఆయాసం అందరికీ వస్తుంది, కొందరికి తల బరువెక్కుతుంది. మాట్లాడుతూ నడవగలిగే వేగం మించకండి. తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉంటే పైకి వెళ్ళడం ఆపి దిగాలి. ఇక్కడ రెండు మూడు వందల మీటర్లు దిగితేనే తేలిక పడతారు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు ముందే డాక్టర్ని అడిగి వెళ్ళాలి.

అమ్మానాన్నలను, చిన్నపిల్లలను తీసుకెళ్ళొచ్చా?

పెద్దవాళ్ళకు ఫిర్‌స్ట్ స్టేషనే అందంగా ఉంటుంది. రోజూ వాకింగ్ అలవాటుంటే సరస్సు దాకా రాగలరు. చిన్న చక్రాల తోపుడుబండి కంకరలో కూరుకుపోతుంది, వీపున మోసుకునే సంచి నయం. ఎనిమిదేళ్ళు దాటి నడక అలవాటున్న పిల్లలు శిఖరం ఎక్కగలరు, కానీ పై భాగంలో చెయ్యి వదలొద్దు.

చివరి గొండోలా తప్పిపోతే?

నడిచి దిగాలి. ఫిర్‌స్ట్ నుంచి గ్రిండెల్‌వాల్డ్‌కు 1,100 మీటర్లకు పైగా దిగుడు, మూడు గంటలు వేసుకోండి. అప్పటికే అలిసిన మోకాళ్ళకు అది శిక్షే. జూన్, జూలైల్లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, అదే మోసం చేస్తుంది. వెలుతురు ఉందని కూర్చుంటాం, గొండోలా మాత్రం సాయంత్రమే ఆగిపోతుంది. సమయం నెలను బట్టి మారుతుంది గనక ఎక్కేటప్పుడే బోర్డు ఫోటో తీసుకోండి. ఆ సమయానికి రెండున్నర గంటల ముందు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి, శిఖరం కనిపిస్తున్నా సరే.

సూర్యోదయం చూడాలనుకుంటే పైనున్న హోటల్లో ముందుగా గది చెప్పుకోవాలి. వేసవి నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది.

కాలు విరిగితే ఎవరిని పిలవాలి?

హెలికాప్టర్లో వచ్చి కాపాడే సంస్థ రేగా, దాని నంబరు 1414. 112 కూడా పనిచేస్తుంది. రేగా యాప్ ముందే దించుకుంటే మీరున్న చోటు దానంతటదే వెళుతుంది. ఫోన్ అందకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల లేదా టార్చి, తర్వాత నిమిషం విరామం, మళ్ళీ మొదలు. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది. హెలికాప్టర్ కనిపించాక రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలని, ఒకటి పైకీ ఒకటి కిందికీ పెడితే వద్దని. ఊరికే చెయ్యి ఊపకండి, అర్థం మారిపోతుంది.

ఖర్చు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది. షెంగెన్ వీసాకు తీసుకునే బీమాలో 30,000 యూరోల వైద్యం ఉన్నా, కొండ మీద వెతుకులాట, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో పాలసీలో విడిగా చూడాలి. కొన్నింటిలో ట్రెక్కింగ్‌ను మినహాయింపుల్లో పెడతారు.

చలికాలంలో వెళ్ళొచ్చా?

మంచు తొక్కి చదును చేసిన నడకదారి తెరిచినప్పుడు వెళ్ళొచ్చు. ఆ రోజు మంచుచరియలు విరిగిపడే ప్రమాదం గురించిన హెచ్చరిక చూశాకే బయల్దేరాలి. స్లెడ్జి లాక్కుంటూ శిఖరం దాకా ఎక్కి, సుమారు 15 కిలోమీటర్లు జారుతూ గ్రిండెల్‌వాల్డ్‌కు దిగుతారు. స్లెడ్జికి బ్రేకులుండవు, మన మడమలే బ్రేకులు. అరిగిన అడుగులున్న బూట్లతో ఎక్కొద్దు.